సీనియారిటీ వరుసలో పెట్టిన ఫైలు

కంప్యూటర్ల ముందు కూర్చొని బతికే పిల్లలు ఇప్పుడు మా నల్గొండలో కూడా వీధికి నలుగురు ఉన్నారు. పెళ్లిలోనో బస్సులోనో కలిస్తే, మీ సర్వీసులో అన్నిటికన్నా పెద్ద సమస్య ఏది అంకుల్ అని అడుగుతుంటారు. సర్వర్ కాలిపోయిందనో, ఎవడో దొంగ లోపలికి చొరబడ్డాడనో చెబుతానని వాళ్ల ఆశ. నేను ట్యాబ్ కీ గురించి మొదలుపెడతాను. వాళ్ల మొహాలు వాడిపోతాయి. మీవి కూడా వాడిపోతే పోనివ్వండి, నాకేం ఫికర్ లేదు. చివరిదాకా మాత్రం వినండి. ఈ కథలో సమస్యను కనిపెట్టింది నేనే, తెచ్చిపెట్టింది కూడా నేనే.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ల తరువాతి మాట. షాద్‌నగర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో చాలాకాలం కంప్యూటర్లు చూసుకొని, మిగిలిన సర్వీసు సొంత జిల్లాలో గడుపుదామని నల్గొండ వచ్చాను. గొర్రెల కాపరుల సంఘాలకు పనులు చేసిపెట్టే చిన్న ఆఫీసు అది. పేరు మీకు అనవసరం. పై అంతస్తులో మేము, కింద ఎరువుల దుకాణం, ఎదురుగా బత్తాయి రసం బండి. కంప్యూటర్ సెక్షన్‌కు నేను ఇన్‌చార్జిని. సెక్షన్ అంటే పెద్దగా ఊహించుకోకండి, ముగ్గురమే.

రెండోవాడు మా సీనియర్ ఆపరేటర్. బయటి జనం వచ్చే కౌంటర్ దగ్గర కూర్చునేవాడు. మంచి మనిషి, కానీ ఎవరు చివర మాట్లాడితే వాళ్లదే రైట్ అనే రకం. రెండు వేళ్లతో ప్రతి అక్షరాన్నీ వెతికి వెతికి కొట్టేవాడు. మూడో మనిషి కాంట్రాక్టు ఆపరేటర్, ఆలేరు వైపు నుంచి వచ్చిన చేనేత ఇంటి అమ్మాయి. ఇంట్లో వాళ్ల బాపు ఇంకా మగ్గం నేస్తున్నాడు. ఈమె నల్గొండలో గది కిరాయికి తీసుకొని ఉండేది, సెలవు రోజుల్లో ఊరికి పోయి వచ్చేది. కీబోర్డు మీద ఆమె వేళ్లు కదిలే వేగం చూస్తే, మనం ఇన్నేళ్లు ఏం చేశామా అనిపించేది. నాకు అనిపించేది, పైకి మాత్రం ఎప్పుడూ అనలేదు.

మా ఆఫీసులో అన్నీ సీనియారిటీ ప్రకారమే జరిగేవి. గోడ మీద అద్దం వెనుక జాబితా ఉండేది. హాజరు పుస్తకంలో సంతకాలు ఆ వరుసలోనే, ఫ్యాను కింద కుర్చీలు ఆ వరుసలోనే. అటెండర్ చాయ్ ఇచ్చేది కూడా ఆ వరుసలోనే. ముందుగా మేనేజరుకు, తరువాత నాకు, చివరగా కాంట్రాక్టు అమ్మాయికి. ఆమె దాకా వచ్చేసరికి చాయ్ చల్లారిపోయి పైన మీగడ కట్టేది. అది అన్యాయమని మాలో ఎవరికీ తట్టలేదు. తట్టినా ఏం చేసేవాళ్లమో దేవుడికే తెలియాలి.

మా పని ఇది. ఏ ఊళ్లో గొర్రెలకు టీకాలు వేస్తారో, ముందురోజే ఆ ఊరి కాపరులందరి ఫోన్లకు రికార్డు చేసిన మాట పంపాలి. "రేపు పొద్దున మీ ఊరి బడి దగ్గర గొర్లకు టీకాలు ఏస్తరు, మందను మేపుకు తోలకుండ్రి" అని ఒకే రికార్డు అన్ని ఊళ్లకూ సరిపోయేది. నల్ల తెర మీద ఆదేశం పేరు, దాని పక్కన ఊరి పేరు కొట్టి ఎంటర్ నొక్కితే ఆ ఊరి ఫోన్లన్నీ మోగేవి. ఊరి పేరు మొత్తం కొట్టనక్కరలేదు. మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది ఆ నల్ల తెరను నడిపే షెల్ అనే ప్రోగ్రాం తనే నింపుతుంది. ఇలా నింపే పనికి ఎవరికి కావలసిన చిన్న ప్రోగ్రాములు వాళ్లు తెచ్చి పెట్టుకోవచ్చు. వాటినే ప్లగిన్లు అంటాం. షెల్ తెరుచుకోగానే ఒక ఫైలు చదువుతుంది. ఆ ఫైలులో ఏ లైను ముందుంటే ఆ ప్లగిన్ ముందు లేస్తుంది.

మా జిల్లాలో ఒకే రకంగా మొదలయ్యే ఊళ్లకు కొదవ లేదు. కొత్తపల్లి, కొత్తపేట, కొత్తగూడెం, మళ్లీ వాటిలోనే రెండేసి మూడేసి. అందుకని ఆ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే ఒక ప్లగిన్ రాసింది. ట్యాబ్ నొక్కగానే ఆ అక్షరాలతో మొదలయ్యే ఊళ్లన్నీ మండలం పేర్లతో సహా మెనూగా వచ్చేవి. రేపు టీకా ఉన్న ఊరు అన్నిటికన్నా పైన ఉండేది. ఒక ఎంటర్ కొడితే ఊరు ఖాయం, రెండో ఎంటర్ కొడితే సందేశం పోతుంది. నేను చూసి, బాగుందమ్మా అన్నాను. అంతకన్నా ఎక్కువ పొగిడితే నెత్తికెక్కుతారని మా తరం నమ్మకం.

తరువాత మాకు కొత్త సర్వర్ వచ్చింది. పాతదాని మీద ఉన్నవన్నీ కొత్తదాని మీదికి మార్చే పని నేనే పెట్టుకున్నాను. అందరికీ కలిపి ఉన్న ఆ మొదటి ఫైలు తెరిస్తే నాకు చికాకేసింది. ఎవరి లైన్లు ఎక్కడున్నాయో ఒక పద్ధతీ పాడూ లేదు. అన్నిటికన్నా పైన కాంట్రాక్టు అమ్మాయి లైను, దాని కింద నాది, ఆ కింద సీనియర్ ఆపరేటర్ ఎక్కడినుంచో తెచ్చుకున్న ప్లగిన్. నేను చొక్కా మడత కూడా సరిగ్గా ఉండాలనే మనిషిని. లైన్లను చక్కగా వరుసలో పెట్టాను. ఏ వరుసలో అని అడగకండి, మీకు తెలిసిపోయే ఉంటుంది. నా లైను పైకి, సీనియర్ ఆపరేటర్‌ది దాని కింద, కాంట్రాక్టు అమ్మాయిది అడుగున. మధ్యలో ఖాళీ లైన్లు, పైన హోదాలు. చూడముచ్చటగా వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ గడియారం సెంటర్లో ఆగి మిర్చి బజ్జీలు కూడా తిన్నాను, అంత తృప్తి.

కొన్ని వారాలు ఏమీ కాలేదు. వానలు పడబోతున్నాయి. గొర్రెలకు చిటుకు రోగం పట్టుకునే కాలం. అది పడితే సాయంత్రం బాగున్న జీవం తెల్లారేసరికి ఉండదు, అందుకే వానలకు ముందే టీకాలు అయిపోవాలి. సీనియర్ ఆపరేటర్ చుట్టాల పెళ్లి ఉందని సెలవు పెట్టాడు. ఆ రోజు కౌంటర్ దగ్గర కాంట్రాక్టు అమ్మాయిని కూర్చోబెట్టాం. మరునాడు కొత్తపేటలో టీకాలు. ఆమె కౌంటర్ కంప్యూటర్ మీద సందేశం పంపింది.

మరునాడు పొద్దున డాక్టరు, మందు డబ్బాలు కొత్తపేట బడి దగ్గర ఉన్నాయి. గొర్రెలు లేవు, ఎప్పటిలాగే మేతకు పోయాయి. గొర్రెలన్నీ అక్కడికి చాలా దూరంలో ఉన్న కొత్తపల్లిలో, బడి ముందు, బడి లోపల, బడి అరుగుల మీద కూడా ఉన్నాయి. పిల్లలకు ఆ పూట చదువు లేదని ఒకటే సంబరమట. పంతులు మాత్రం మాకు ఫోను చేసి, జీవితంలో నేను వినని మాటలు వినిపించాడు.

మధ్యాహ్నానికి కొత్తపల్లి సంఘం పెద్దమనిషి ఆటో కట్టించుకొని మా ఆఫీసుకు వచ్చాడు. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర, తెల్లటి మీసాలు. ఆయన మేనేజరు గదిలోకి పోలేదు. ఎవరు పంపిండ్రు గీ ఫోను అని అడిగాడు. ఆఫీసంతా ఒక్కసారి ఆ అమ్మాయి వైపు చూసింది. నేనూ చూశాను. ఆయన ఆమె బల్ల ముందుకు పోయి నిలబడ్డాడు.

"పొద్దుగాల్నుంచి మందను బడికాడనే ఆపినం బిడ్డా. మూగజీవాలు ఆకలికి ఒర్రుతుంటే మా ఆడోళ్లు అన్నం ముట్టలే. నీకు గొర్లంటే ఆటగున్నదా?"

ఆమె లేచి నిలబడి, తప్పయింది తాతా అంది. ఇంకా చాలా అన్నాడు. గొంతు పెంచలేదు గానీ, ఒక్కో మాట సూదిలా దిగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా కూర్చోలేదు, ఆయన మెట్లు దిగేదాకా నిలబడే ఉంది.

ఆ వారంలోనే ఆమె కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించే కాగితం మేనేజరు బల్ల మీద ఉంది. ఆయన నన్ను పిలిచి ఏం జరిగిందని అడిగాడు. నేను ఏమీ చూడకుండానే, తొందరపడి ఉంటది సార్, చిన్నపిల్ల కదా అన్నాను. ఆ ఒక్క మాట ఎంత పని చేసిందో చూడండి. మేనేజరు పెన్ను మూసి ఆ కాగితాన్ని పక్కకు జరిపాడు. మూడు రోజుల్లో రాతపూర్వకంగా రిపోర్టు ఇవ్వమన్నాడు. అందులో నిర్లక్ష్యం అని రాస్తే పొడిగింపు లేదు. ఆమెను పెట్టిన ఏజెన్సీ మళ్లీ ఏ ఆఫీసులోనూ పెట్టదు. అప్పటిదాకా ఆమెను కంప్యూటర్ ముట్టుకోవద్దని చెప్పి రికార్డు గదిలో పాత ఫైళ్లు కట్టే పని ఇచ్చారు.

ఆమెను అడిగాను, ఏం నొక్కినవమ్మా అని. ఎప్పుడూ నొక్కేదే నొక్కిన సార్ అంది. అక్షరాలు కొట్టి ట్యాబ్, తరువాత ఎంటర్. మెనూ వచ్చిందా అంటే, చేతికి అలవాటై పోయింది, చూసుకున్నట్టు యాదికి లేదు అంది. నాకు ఆ జవాబు నచ్చలేదు. యాదికి లేదు అనేవాళ్లందరూ తప్పు చేసినవాళ్లే అని అప్పట్లో నా అభిప్రాయం.

అయినా పరీక్ష చేయాలి కదా. ఆమె లాగిన్‌తో తెరిచి ట్యాబ్ నొక్కాను. మెనూ మెరుపులా వచ్చింది. నా లాగిన్‌తో తెరిచి నొక్కాను. అక్కడా వచ్చింది. మేనేజరు నా భుజం మీదుగా చూసి, ప్రోగ్రాం మంచిగనే ఉంది గద, మనిషిలనే ఉన్నది తప్పు అన్నాడు. పెళ్లి నుంచి తిరిగొచ్చిన సీనియర్ ఆపరేటర్, అవును సార్ మనిషిలనే అన్నాడు. అంతటితో ఆగక కొత్తపల్లికి ఫోను చేసి, కొత్త పిల్ల తప్పు కొట్టిందని ఊరంతటికీ తెలిసేలా చెప్పాడు.

రిపోర్టులో ఊరికే రాయలేను కాబట్టి రెండో రోజు మరికొంత వెతికాను. ముందు కౌంటర్ కీబోర్డు మీద అనుమానం వచ్చింది, మార్పించాను. పాత కీబోర్డును తలకిందులు చేసి దులిపితే సీనియర్ ఆపరేటర్ తిన్న అటుకుల చుడువా గుప్పెడు రాలింది. కారణం మాత్రం రాలలేదు. తరువాత ఆయన ప్లగిన్ మీద అనుమానం వచ్చింది. మనం రాయబోయే మాటను ముందుగానే బూడిద రంగులో చూపించే ప్లగిన్ అది. ఇదే అడ్డం పడుతోంది అని తీసేశాను. ఆయనకు కోపమొచ్చింది. నా దాని జోలికి ఎందుకొచ్చిండ్రు అని ఆ పూటంతా నాతో మాట్లాడలేదు, రోజూ భోజనంలో నాకు పెట్టే మజ్జిగ మిరపకాయ కూడా పెట్టలేదు. చివరికి దాని తప్పేమీ లేదని తేలి, మళ్లీ పెట్టేశాను.

ఈ రెండు రోజుల్లో ఆ అమ్మాయి రికార్డు గది నుంచి వచ్చి నాతో ఒకే మాట చెప్పింది. "సార్, ఒక్కసారి మీరే కౌంటర్ల కూసొని ట్యాబ్ కొట్టి చూడుండ్రి." నేను, చూద్దాంలేమ్మా అన్నాను. మరోసారి చెప్పింది. మళ్లీ అదే అన్నాను. అసలు సంగతి సిగ్గు విడిచి చెబుతున్నాను. కౌంటర్ కుర్చీ మా ఆఫీసులో నా స్థాయి కుర్చీ కాదు. దానిమీద ఫ్యాను లేదు, ఎదురుగా జనం నిలబడతారు. ఇన్‌చార్జి పోయి అక్కడ కూర్చుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? ఒక అమ్మాయి బతుకుదెరువు అక్కడ వేలాడుతుంటే నేను కుర్చీ గురించి ఆలోచించాను. మా సర్వీసంతా అలాంటి ఆలోచనలతోనే గడిచింది మరి.

మూడో రోజు పొద్దున, మెట్ల దగ్గర మళ్లీ ఎదురై, కౌంటర్ల ఒక్కసారి సార్ అంది. ఈసారి నా జవాబు కోసం ఆగకుండా రికార్డు గదిలోకి వెళ్లిపోయింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక, ఎవరూ చూడటం లేదని తేల్చుకొని కౌంటర్ కుర్చీలో కూర్చున్నాను. కొత్తప అని కొట్టి ట్యాబ్ నొక్కాను.

మెనూ రాలేదు. చప్పుడు లేకుండా తెర మీద కొత్తపల్లి వచ్చి కూర్చుంది.

మళ్లీ నొక్కాను. మళ్లీ కొత్తపల్లే. మెనూ లేకపోతే షెల్ మొదటి పేరే నింపేస్తుంది, అక్షర క్రమంలో కొత్తపేట కన్నా ముందు వచ్చేది కొత్తపల్లే. మెనూ ఉన్నప్పుడు మొదటి ఎంటర్ ఊరిని ఖాయం చేసేది. మెనూ లేనప్పుడు అదే ఎంటర్ సందేశాన్ని పంపేస్తుంది. ఆమె వేళ్లు ఎప్పటి పని ఎప్పటిలాగే చేశాయి. తెర వేరే పని చేసింది.

ఆ ఫైలు తెరిచాను. పైన నా హోదా, నా లైను, ఎంత ముద్దుగా ఉందో. ఆ లైను చేసే పని ఇదీ. ఎవరెవరి దగ్గర ట్యాబ్ ప్లగిన్లు ఉన్నాయో ఒకసారి తిరిగి చూసి హాజరు వేస్తుంది. బళ్లో హాజరు అయిపోయాక వచ్చిన పిల్లవాడు వచ్చినట్టు లెక్క కాదు కదా, అలాగే హాజరు తరువాత వచ్చిన ప్లగిన్‌ను షెల్ గుర్తించదు. ఆ అమ్మాయి లైను నా లైను కన్నా ముందుండాలి. నేను దాన్ని అడుగుకు పంపాను, సీనియారిటీ ప్రకారం.

మరి ఆమె లాగిన్‌లో, నా లాగిన్‌లో ఎందుకు పనిచేసింది? దానికీ నేనే కారణం. షెల్ తొందరగా తెరుచుకోవాలని, ప్రతిసారీ కొత్తగా హాజరు వేయకుండా ఎవరి లాగిన్‌లో వాళ్ల పాత హాజరు జాబితానే వాడుకోమని చెప్పి పెట్టాను. మా లాగిన్లు పాత సర్వర్ నుంచి వచ్చినవి. వాటి జాబితాల్లో ఆమె ప్లగిన్ పేరు అప్పటికే ఉంది. కౌంటర్ దగ్గర ఎవరు కూర్చున్నా వాడే కౌంటర్ లాగిన్ మాత్రం కొత్త సర్వర్ మీద కొత్తగా తెరిచింది. దాని జాబితా నేను లైన్లు సర్దిన తరువాత తయారైంది, అందులో ఆమె ప్లగిన్ లేదు. ఆ కౌంటర్ దగ్గర కూర్చునే మా సీనియర్ ఆపరేటర్ పుణ్యాత్ముడు, పుట్టి బుద్ధెరిగి ట్యాబ్ నొక్కలేదు. అందుకే ఇన్ని వారాలు ఎవరికీ తెలియలేదు.

పాత సర్వర్ మీది ఫైలు కాపీ ఒకటి ఉంటే అది కూడా తెరిచాను. తెరవకపోయినా బాగుండేది. ఆమె లైను పైన, ఆమె ఒక మాట రాసి పెట్టుకుంది. "దీన్ని అన్నిటికన్నా ముందే ఉంచాలి. కిందికి జరపవద్దు." అది చూడగానే నాకు అంతా యాదికొచ్చింది. ఫైలు సర్దిన రోజు ఆ మాట చదివాను. చదివి, నిన్న మొన్న వచ్చిన కాంట్రాక్టు పిల్ల, అందరికన్నా ముందు తనదే ఉండాలట, జరపవద్దట అని ఒళ్లు మండి చెరిపేశాను.

పిల్లలూ, ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. అప్పుడు నేను ఎవరికీ తెలియకుండా ఆ లైను పైకి జరిపి, జాబితా చెరిపేసి, సాంకేతిక లోపం అని రాసి ఊరుకోవచ్చు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది, చాలాసేపు కూర్చుంది కూడా. రిటైర్మెంటుకు ఏడాది ఉంది. సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ లేదు. ఇంట్లో కోడలితో కూడా నేను అదే గొప్ప చెప్పుకునేవాణ్ణి.

మేనేజరు గదిలోకి పోయి, సార్ కారణం దొరికింది, వరుస తప్పింది అన్నాను. ఆయన తెలివైన మనిషి. నా మొహం చూసి సగం అర్థం చేసుకున్నాడు. సాంకేతిక లోపం అని రాద్దాం, ఎవరికీ ఇబ్బంది లేదు అన్నాడు. తరువాత తనే ఆగి, "కానీ మెనూ ప్రోగ్రాం గామెదే గద. లోపం ఎవరిదని పైనుంచి అడిగితే గామె పేరే చెప్పాలె" అన్నాడు.

"గామెది లోపం లేదు సార్," అన్నాను. "వరుస మార్చింది నేను. నా చేత్తో మార్చిన. గట్లనే రాసి సంతకం పెడ్త."

ఆయన నీళ్లు తాగమని గ్లాసు నా వైపు జరిపాడు. నేను అక్కడే కూర్చొని రాశాను. ఎందుకు మార్చావని ఆయన అడిగాడు. సీనియారిటీ ప్రకారం సార్ అన్నాను. ఆయన మొదట నవ్వు ఆపుకున్నాడు, తరువాత ఆపుకోలేకపోయాడు. మేనేజరు పొట్ట అదిరేలా నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. కళ్లు తుడుచుకొని, ఆ పక్కన పెట్టిన కాగితం తీసి నా ఎదుటే సంతకం చేశాడు. అటెండర్ దాన్ని రికార్డు గదిలోకి తీసుకుపోయాడు. నేను మాత్రం ఆమె తన లైను మీద రాసుకున్న మాటను చెరిపేశానని రిపోర్టులో రాయలేదు. సమస్యకు దానితో సంబంధం లేదని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ మధ్యాహ్నమే నేను ఆమె లైనును మళ్లీ పైకి జరిపి కౌంటర్ జాబితా చెరిపేశాను, ఆమెను కంప్యూటర్ దగ్గరికి రమ్మన్నారు. నేను ఆమె ఎదురు పడకుండా ఫోన్లు మాట్లాడుతున్నట్టు బయట వరండాలో తిరిగాను. మీరు నవ్వినా సరే, మేనేజరు ముందు ఒప్పుకోవడం కన్నా ఆ పిల్ల బల్ల దగ్గర నిలబడటం నాకు కష్టమనిపించింది. రేపు చెబుదాం అనుకున్నాను. మరునాడు ఆదివారం, ఆమె ఊరికి పోయింది. సోమవారం పొద్దున కొత్తపల్లిలో టీకాలు. సంఘంవాళ్లకు సర్ది చెప్పి రమ్మని మేనేజరు నన్ను డాక్టరు బండిలో పంపాడు.

కొత్తపల్లి బడి ముందు గొర్రెలు మళ్లీ నిండిపోయాయి. ఈసారి సరైన రోజే. పంతులు నన్ను చూసి తలుపు వేసుకున్నాడు. కాపరులందరూ పోగయ్యాక నేను ఒక బండ మీదికెక్కి చెప్పాను. మొన్న మీకు వచ్చిన ఫోను తప్పు ఆ అమ్మాయిది కాదు, నాది, నేను చేసిన మార్పు వల్ల అట్లా జరిగింది, మన్నించండి అని. జనం గొణుక్కున్నారు. ఒకాయన, మంచిదే సారు, ఒప్పుకున్నవు గద అన్నాడు. అందరూ సూదుల వైపు తిరిగారు. హమ్మయ్య అనుకొని బండ దిగుతుంటే, ఆ తెల్ల మీసాల పెద్దమనిషి కర్ర ఊతగా నా దగ్గరికి వచ్చాడు.

"గా దినం గా బిడ్డను నేను నోటికొచ్చినట్లు అన్న సారూ. కడుపు మండి అన్న. నాకు గప్పటిసంది మంచిగ అనిపిస్తలేదు. నీ తప్పని గామెకు చెప్పినవా?"

మేనేజరుకు చెప్పాను, రిపోర్టులో రాశాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గాళ్లకు గాదు. గామెకు చెప్పినవా అని అడుగుతున్న."

చెప్పలేదు అన్నాను. ఆయన కదలలేదు. నేను ఫోను తీసేదాకా కర్ర మీద చెయ్యి ఆనించి అక్కడే నిలబడ్డాడు. ఆమె ఎత్తింది. ఆలేరు నుంచి వచ్చే బస్సులో ఉంది. మొత్తం చెప్పాను. ఫైలు వరుస మార్చింది నేనేనమ్మా, ఆ రోజు చూడకుండా నీ మీద మాట జారింది కూడా నేనే అన్నాను. తాత కూడా బాధపడుతున్నాడు అన్నాను.

"తెల్సు సార్," అంది. "రెండో దినం పాత ఫైళ్లు కట్టుకుంట ఆలోచిస్తె అర్థమైంది. నేను జెప్తే పెద్ద సారు మీదికి నూకుతాందంటరు. అందుకే మిమ్మల్ని కౌంటర్ల కూసోమన్న. మూడుసార్లు అన్న."

చుట్టూ గొర్రెలు అరుస్తున్నాయి. సిగ్గుతో చెవులు వేడెక్కడం ఆ వయసులో కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

"ఒక్కటి అడుగుత సార్," అంది మళ్లీ. "మొన్న వచ్చి ఫైలు తెరిచి చూసిన. లైను జరిపిండ్రు, సరే. దాని మీద నేను రాసుకున్న మాట ఎందుకు తీసేసిండ్రు?"

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. రిపోర్టులో లేదు, బండ మీద నిలబడి చెప్పినదాంట్లో కూడా లేదు. పెద్దమనిషి నా మొహంలోకే చూస్తున్నాడు.

"నువ్వు నాకు హుకుం ఇస్తున్నట్టు అనిపించిందమ్మా," అన్నాను.

అవతల బస్సు చప్పుడులో ఆమె నవ్వింది.

"అది హుకుమే సార్," అంది.